తోకకు పట్టించిన గంజి

మా రాజేశం బావ దినాలు అయిపోయిన రోజు, చుట్టాలు విస్తళ్ల ముందు నుంచి లేస్తుండగా, సరోజనక్క నన్ను లోపలి గదిలోకి పిలిచింది. మంచం కింద ఉన్న ఒక అట్టపెట్టెను కాలితో నా వైపు నెట్టింది. చేత్తో ముట్టలేదు. "తమ్మి, ఈ పీడను తీస్కపోయి యాడనన్న పారెయ్యి. నా బాపు చెయ్యి తిన్న రేడియో ఇది. నలభై ఏండ్ల సంది దీన్ని మంచం కింద పెట్టుకొనే పండుకున్నడు ఈయన. మనిషికి జర సిగ్గుండాలె గద," అన్నది. మొగుడు పోయి పట్టుమని పదిహేను రోజులు కాలేదు, అయినా ఆ గొంతులో పాత కోపం అట్లాగే ఉంది. నేను పెట్టె తీసుకొని మడికొండలోని వాళ్ల ఫ్లాటు మెట్లు దిగి, ఆటోలో ఒడిలో పెట్టుకొని ఇంటికి తెచ్చాను. లోపల బూడిదరంగు లోహపు డబ్బా, దాని మీద బొటనవేళ్లతో కదిపే రెండు పుల్లలు, మడిచిన పొడుగాటి ఏరియల్. నేల మీద నిలబడి గాలిలో ఉన్న బొమ్మ విమానాన్ని నడిపే యంత్రం అది. మేమంతా దాన్ని రేడియో అనేవాళ్లం.

అక్క అన్న మాట నిజం కాదు. మా బాపు చెయ్యి పోయింది ఆ రేడియో వల్ల కాదు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు మొన్న పోయారు. ఇక మిగిలింది నేను. నేను కూడా పోతే అక్క చివరిదాకా తన భర్తను ఒక చేతగాని మనిషిగానే తలుచుకుంటుంది. చెప్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు, ఎందుకంటే ఆ కథలో ఆమె చెయ్యి కూడా ఉంది. నోటితో చెప్పేముందు కాగితం మీద పెట్టి చూసుకోవడం నా పద్ధతి. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు మేము కాశిబుగ్గలో ఉండేవాళ్లం. అమ్మ లేదు. బాపు పేరు కనకయ్య, మా వాడకట్టులో పేరున్న నేతగాడు. నేను హనుమకొండలో ఒక కాలేజీ భౌతికశాస్త్రం ల్యాబులో పనికి కుదిరి రెండేళ్లయింది. పరికరాలు తుడిచి పెట్టడం, తూకాలు సరిచూడడం, పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా అదే యావ. వాన ఎంతసేపు పడింది, బావిలో నీళ్లు ఎన్ని మెట్లు దిగాయి, బాపు ఎన్ని మూరలు నేశాడు, అన్నీ డైరీలో ఎక్కించేవాణ్ని. బాపు నవ్వేవాడు. "మావోడు చచ్చిపోతే యముడు లెక్కలు అడగనక్కర్లే, వీని పుస్తకం జూస్కుంటె సాలు," అనేవాడు. బావ మస్కట్‌లో ఒక వర్క్‌షాపులో ఫిట్టర్. ఆయనది నెక్కొండ. అక్కడ ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేకపోవడంతో అక్క మా దగ్గరే ఉండేది.

మా వీధి పొద్దు గంజి వాసనతో మొదలయ్యేది. మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను పడుగు అంటారు. దాన్ని వీధి పొడుగునా రెండు కొయ్యల మధ్య చాపి, పలచటి బియ్యపు గంజిలో చారెడు నూనె కలిపి పట్టించి, ఎండ ముదిరేలోపు పొడుగాటి కుంచెతో దువ్వేవాళ్లు. గంజి పట్టిన దారం బిగుసుకుంటుంది, తెగదు. ఎక్కడైనా వదులైతే ఇంకో చెయ్యి గంజి పెట్టాలి. అది మా బాపు చేతుల్లో ఉన్న విద్య. వేలితో మీటి చూసి, ఆ చప్పుడును బట్టి పడుగు సరిగ్గా ఉందో లేదో చెప్పేవాడు. గంజి కాచడం మాత్రం ఇంట్లో ఆడవాళ్ల పని. అమ్మ పోయాక అక్క కాచేది. మాడకుండా, ఉండ కట్టకుండా, చెంచా నుంచి తీగలా జారేటట్టు. "సరోజన గంజి కాస్తే పాలసొంటిది," అని బాపు పదిమందిలో చెప్పుకునేవాడు. అక్కకు అంతకు మించిన బిరుదు లేదు.

ఆ సంవత్సరం నూలు రావడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరూ సరిగ్గా చెప్పేవాళ్లు కాదు. వస్తుంది, వచ్చే వారం వస్తుంది అనేవాళ్లు. వీధిలో పడుగులు చాపడం తగ్గింది, తర్వాత మానేశారు. మగ్గాల చప్పుడు లేని కాశిబుగ్గను నేను అంతకుముందు ఎరగను. బాపు పొద్దున్నే లేచి స్నానం చేసి, అలవాటు ప్రకారం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూచునేవాడు. ఎదురుగా ఖాళీ చట్రం. మధ్యాహ్నం దాకా అట్లాగే కూచొని, అన్నానికి పిలిస్తే లేచి, రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేవాడు. ఆ మూడు నెలల నా డైరీలో బాపు పేరు పక్కన "తినలేదు", "మాట్లాడలేదు" అనే మాటలే ఉన్నాయి.

వానాకాలంలో బావ సెలవు మీద వచ్చాడు. బొంబాయిలో దిగి, రైల్లో రెండు రాత్రులు నిద్ర లేకుండా కాపాడుకుంటూ ఒక పొడుగాటి పెట్టె తెచ్చాడు. అతని వర్క్‌షాపులో ఒక దొర పని మానేసి తన దేశం పోతూ, తాను మొదలుపెట్టి వదిలేసిన విమానం కిట్టు బావకు ఇచ్చాడట. నిజమైన యుద్ధ జెట్టును లెక్క ప్రకారం కుదించి చేసిన నమూనా. లోపల దూదిలాంటి తేలిక చెక్క ముక్కలు, సన్నటి పలకలు, భాగాల కొలతలు గీసిన బల్లంత నకాశా కాగితం, చిన్న ఇంజను, ఆ రేడియో. కూర్చితే మనిషి చెయ్యి చాచినంత పొడుగు అవుతుంది. పెట్టె తెరిచినప్పుడు బాపు గుంటలోంచి లేచి వచ్చి ఒక చెక్క ముక్కను అరచేతిలో పెట్టుకొని తూచి చూశాడు. "ఏంది అల్లుడా ఇది, చెక్కనా బొరుగులా?" అన్నాడు. ఆ నెలలో ఆయన మా ముందు నవ్వడం అదే మొదటిసారి.

బావ ఎక్కువ చదవలేదు కానీ చేతిలో పని ఉన్న మనిషి. ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పడం నా వంతు, చెక్కడం అతికించడం అతని వంతు. అసలు నమూనాలో కడుపులోపల ఒక పంకా తిరిగి గాలిని వెనక్కి తన్నాలి. ఆ పంకా పెట్టెలో లేదు, దొర విడిగా కొందామనుకొని కొనలేదట. ముక్కుకు మామూలు పంకా పెడితే జెట్టు అందం పోతుందని బావ ఒప్పుకోలేదు. "ముంగట పంకా వెడ్తె అది జెట్టు గాదు బామ్మర్ది, పిండిమర అయితది," అన్నాడు. వారం రోజులు ఆలోచించి ఇంజనును తోక చివరకు మార్చాడు. పంకా వెనక్కి తిరిగి ముందుకు నెడుతుంది, ఎదురుగా చూసేవాళ్లకు నిజం జెట్టులాగే కనబడుతుంది. దానివల్ల వెనక బరువు పెరిగింది. దాన్ని సరిచేయడానికి చేపల వలలకు కట్టే సీసం గుండ్లు తెచ్చి కరగబోసి ముక్కునిండా నింపాడు. ఇంకో గుండు పట్టే చోటు లేకుండా నింపాడు. మగ్గం దూలానికి రెండు దారాలు కట్టి విమానాన్ని రెక్కల దగ్గర వేలాడదీశాం. ముక్కు ఒక్క రవ్వ కిందికి వాలి నిలిచింది. రెక్క కింద ఆ చోట నేనే ఎర్ర సిరాతో గీత గీశాను. ఆ గీత గురించి పుస్తకంలో ఉన్న వాక్యాన్ని బావకు తెలుగులో చెప్పింది కూడా నేనే: బరువు నిలిచే చోటు ఈ గీతకు వెనక్కి పోతే విమానం ఇక మీ మాట వినదు.

రెక్కలకు తొడిగే ప్లాస్టిక్ కాగితం చుట్టలు దారిలో నలిగి చిరిగిపోయాయి. పాతకాలం పద్ధతిలో పట్టుగుడ్డ అతికించి, దాన్ని బిగించే మందు పూయవచ్చని పుస్తకంలో ఉంది. ఆ మందు వరంగల్‌లో దొరకదు. స్కూటర్లకు రంగేసే దుకాణంలో ఏదైనా అడుగుదామని మేము మాట్లాడుకుంటుంటే బాపు వెనక నుంచి అన్నాడు: "మందెందుకురా? పట్టు నాది, గంజి నాది. మూడు దినాలియ్యి." పెట్టెలో దాచుకున్న, ఎప్పుడో నేసిన సన్న పట్టు తీశాడు. అక్క పొయ్యి మీద గంజి పెట్టింది. చాలా రోజుల తర్వాత మా ఇంట్లో ఆ వాసన వచ్చింది. బాపు గుడ్డను తడిపి, రెక్క మీద పరిచి, బొటనవేలితో గాలి బుడగలు తీసి, సన్న కుంచెతో గంజి పట్టించాడు. ఆరిన తర్వాత వేలితో మీటితే డప్పులాగా మోగింది. ఎదురింటి ఎల్లస్వామి గడపలో నిలబడి, "ఏం కనకయ్య మామా, ఇమానానికి చీర గడ్తున్నవా? రైక గూడ కుట్టియ్యి మల్ల," అన్నాడు. బాపు తలెత్తకుండానే, "నీ పెండ్లానికి కుట్టినంక మిగిల్తె కుట్టిస్త తియ్యి," అన్నాడు. వాడకట్టంతా నవ్వింది. ఆ రాత్రి బాపు రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. అది డైరీలో ఉంది.

తర్వాత ముసురు పట్టింది. తొమ్మిది రోజులు ఎండ ముఖం చూడలేదు. గోడలు చెమ్మగిల్లాయి, బీరువాలో బట్టలు వాసన పట్టాయి. గంజి తడిని లాగుతుంది. మూడోరోజు పొద్దున తోక మీద గుడ్డ వదులైంది. తోక రెక్కలు సన్నవి, చెక్క తక్కువ, గుడ్డే ఎక్కువ, అందుకని అక్కడే ముందు సడలింది. బాపు వేలితో మీటి చూశాడు. చప్పుడు రాలేదు. వదులైన పడుగును చూసిన నేతగాడు ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. "సరోజనా, గిన్నెడు గంజి కాయవే," అన్నాడు. ఇంకో చెయ్యి పట్టించి కుంపటి పక్కన ఆరబెట్టాడు, తోక మళ్లీ మోగింది. మర్నాటికి మళ్లీ సడలింది. మళ్లీ గంజి. అట్లా రోజూ పొద్దున అక్క కాచేది, బాపు పట్టించేవాడు. ముందు రోజు మిగిలినది కూడా పారబోయకుండా కలిపేవాడు. గదిలో పులిసిన వాసన మొదలైంది. ఇంజనుకు పోసే ఆముదం కలిసిన నూనె వాసన, ఆ పులుపు, తడిగోడల వాసన కలిసి ఊపిరాడేది కాదు. గదిలోకి పోవాలంటే నాకు ఎందుకో జంకుగా ఉండేది.

ఆ రోజుల్లోనే ఒకసారి వీధిలో ఇంజను నడిపి చూశాం. కోళ్లు అరుస్తూ గోడలెక్కాయి, పక్కింటి ముసలమ్మ తలుపేసుకుంది. పంకా తిరుగుతుంటే అది కంటికి కనబడదు, గాలి కాస్త మసకగా ఉన్నట్టు ఉంటుంది అంతే. బావ మాకు చూపించడానికి ఒక వెదురుపుల్లను ఆ మసకలోకి పెట్టాడు. చప్పుడు కూడా కాలేదు. పుల్ల చివర ఎటు పోయిందో కనబడలేదు. "చూసిండ్రా మామా? ఇది ఆటవస్తువు గాదు. దీని దగ్గరికి రావద్దు," అన్నాడు. ఇంకో రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి, ఈ ఇంట్లో రేడియో ఉందటగా, దేనితో మాట్లాడతారు దాంతో, అని అడిగి పోయారని అక్క చెప్పింది. పోలీసులో, అడవిలోని అన్నలో, వాళ్లు పేరు చెప్పలేదు. అప్పటి వరంగల్‌లో అట్లా అడిగి పోయినవాళ్లు మళ్లీ వస్తే ఎందుకు వస్తారో అందరికీ తెలుసు. బావ రేడియోను దుప్పట్లో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టాడు. "ఒక్కసారి ఎగిరేసి, నేను పొయ్యేటప్పుడు పట్కపోతా. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. అతని సెలవు ఇంకా నాలుగు రోజులే ఉంది.

ల్యాబు నుంచి తెచ్చిన స్ప్రింగు త్రాసుతో నేను రోజూ తోక బరువు తూచేవాణ్ని. ఎవరూ చెప్పకుండానే తూచేవాణ్ని. మొదటి రోజుకూ తొమ్మిదో రోజుకూ మధ్య తేడా చూస్తే అరచేతిలో పెట్టుకున్నా తెలిసేంత. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు విమానాన్ని మళ్లీ దూలానికి వేలాడదీశాను. ముక్కు పైకి లేచింది. దారాన్ని వెనక్కి జరుపుకుంటూ పోతే, పలచటి పట్టులోంచి కనబడే ఎర్ర గీతకు వేలి మందం వెనక నిలిచింది. ముక్కులో సీసానికి చోటు లేదు. దారి ఒక్కటే. తోక మీది గుడ్డంతా చింపి, చెక్కను తుడిచి, కొత్తగా, గంజి లేకుండా వేరే ఏదైనా పూయాలి. దానికి రెండు రోజులు పడుతుంది. దానికన్నా కష్టమైన పని బాపుకు చెప్పడం. నీ గంజి తప్పు అని. ఆయన జన్మలో ఎవరూ ఆయనకు ఆ మాట అనలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక బావ అడిగాడు. బాపు పక్కనే కూచొని రేపటికోసం కుంచె కడుక్కుంటున్నాడు. అక్క గిన్నెలు సర్దుతోంది.

"సత్తెం, బరువు జూసినవా?"

"చూసిన."

"గీత మీదనే ఉన్నదా?"

బాపు కుంచె విదిలిస్తూ నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. రేపు మైదానంలో తన పట్టు గాలిలో ఎట్లా మెరుస్తుందో ఆ ఊహే ఉంది. "మీదనే ఉన్నది," అన్నాను.

"ఇగ నేను చూసేదేముంది. నీ లెక్క అంటె లెక్కే," అన్నాడు బావ. వేలి మందమే కదా, ఎండ వస్తే తడి ఆరి తేలికపడుతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పుస్తకంలోని ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. అయినా అట్లా చెప్పుకున్నాను.

మర్నాడు ముసురు విడిచింది. మామునూరు దగ్గర విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీదికి పోయాం. పగుళ్లలో గడ్డి మొలిచి ఉంది. దూరంగా బర్రెలు మేస్తున్నాయి. రిక్షాలో తోక భాగాన్ని బాపు ఒళ్లో పెట్టుకొని, గుంటలు వచ్చినచోటల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకొని వచ్చాడు. ఉతికిన ధోతి కట్టుకొని, భుజం మీద కొత్త కండువా వేసుకున్నాడు. ఎల్లస్వామి, ఇంకో నలుగురు సైకిళ్ల మీద వచ్చారు. అక్క టిఫిన్ గిన్నెతో గట్టు మీద కూచుంది. నేల తడిగా ఉంది, గాలి బరువుగా, ఆగిపోయినట్టు ఉంది. బావ రెక్కలు బిగించి, ఏరియల్ లాగి, పుల్లలు కదిపి చూశాడు. తోక రెక్కలు చెప్పినట్టు ఆడాయి. "మామా, మీరంత అటు గట్టు దిక్కు పోండ్రి," అన్నాడు. అందరూ పోయారు. బాపు నాలుగడుగులు వేసి ఆగాడు.

అది చాలా దూరం పరుగెత్తి లేచింది. లేచిన క్షణంలో అందరూ కేకలు వేశారు. బావ దాన్ని మలిపి మా వైపు తేగానే ఎండ పట్టు మీద పడి వెండిలాగా మెరిసింది. బాపు నోరు తెరుచుకొని చూస్తున్నాడు. ఆ తర్వాత ముక్కు అవసరానికి మించి పైకి లేచింది. బావ బొటనవేలు ముందుకు నెట్టడం చూశాను. ముక్కు దిగింది, మళ్లీ లేచింది, ఈసారి ఇంకా పైకి. మూడోసారికి అది ఆకాశం వైపు నిట్టనిలువుగా నిలబడి, ఒక్క క్షణం కదలకుండా ఆగింది. తర్వాత తోక ముందుగా కిందికి జారడం మొదలుపెట్టింది. తిన్నగా బాపు నిలబడ్డ చోటికి. బావ రెండో పుల్లను కిందికి గుంజాడు. ఇంజను గొంతు వెంటనే తగ్గింది. అది నేను స్పష్టంగా విన్నాను. కానీ పంకా ఆగలేదు. "మామా! జరుగు! జరుగు మామా!" బావ గొంతు చీరుకుపోయేలా అరిచాడు. బాపు జరగలేదు. మగ్గం మీద నుంచి పడుగు చుట్టిన దుంగ జారిపడుతుంటే అందుకున్నట్టు రెండు చేతులూ పైకి చాచాడు.

ఎడమ చేతికి ఏమీ కాలేదు. కుడిచేతి బొటనవేలు, పక్క రెండు వేళ్లు, అరచెయ్యి సగం దాకా తెగి వేలాడాయి. కండువా చుట్టి రిక్షాలో పడుకోబెట్టాం. అక్క అరుపులు ఆ మైదానంలో ఎక్కడా తగలకుండా పోతున్నాయి. బయలుదేరేముందు బావ వెనక్కి పరుగెత్తి విరిగిన విమానం దగ్గర వంగాడు. తోక ముక్కను ఒక చేత్తో ఎత్తాడు. ఎత్తి ఒక్కసారి ఆగాడు. చేత్తో పనిచేసే మనిషికి త్రాసు అక్కర్లేదు. తల తిప్పి నన్ను చూశాడు. ఆ తర్వాత దాన్ని అక్కడే పడేసి వచ్చి రిక్షా వెనక నెట్టడం మొదలుపెట్టాడు. దవాఖాన వరండాలో అక్క అతని అంగీ పట్టుకొని గుంజుతూ, "ఏమైంది? ఏం జేసినవ్ నా బాపును?" అని అడిగినప్పుడు, నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవబోయాను. నాకంటే ముందు అతనే అన్నాడు: "రేడియో పోయింది."

వేళ్లు కుట్టి అతికించారు కానీ వాటికి స్పర్శ తిరిగి రాలేదు. తెగిన దారాన్ని చూడకుండా వెతికి పట్టుకొని ముడేసే వేళ్లు అవి. రెండు నెలల తర్వాత నూలు వచ్చింది. వీధి అంతా మగ్గాలు మోగాయి. బాపు గుంటలో దిగి, అడ్డదారాన్ని మోసే నాడె విసిరి చూశాడు. అది సగం దారిలో ఆగిపోయింది. మూడు రోజులు ప్రయత్నించి లేచాడు. ఆ తర్వాత బతికినంతకాలం రాట్నం ముందు కూచొని, ఎడమ చేత్తో తిప్పుతూ, వేరేవాళ్ల మగ్గాలకు కండెలు చుట్టాడు. నాడెలో పెట్టే దారపు చుట్టలు అవి, మా ఇళ్లల్లో ఆడవాళ్లు, పిల్లలు చేసే పని. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. బావ మస్కట్ పోయేముందు కాళ్లకు మొక్కితే, "గాలిల ఉన్నదాన్ని ఎవడు పట్టుకుంటడు అల్లుడా. గుడ్డ మాత్రం మంచిగ నిలిచింది, సూసినవా? ఒక్క చోట చిరగలే," అన్నాడు. బావ తల ఊపాడు. నేను గోడ వైపు చూశాను. ఆ రోజు డైరీలో "రేడియో పనిచేయలేదు" అని రాసి ఉంది. నా చేతిరాతే.

అక్క మాత్రం ఊరుకోలేదు. బావ తిరిగి వచ్చి ఇక్కడే రిపేరు దుకాణం పెట్టుకున్నాక, అతను టీవీ విప్పినా, మిక్సీ విప్పినా, "ముట్టకు, మల్ల ఎవరి చెయ్యి పోతదో," అనేది. చుట్టాల ముందు, పెళ్లిళ్లలో, తమ అల్లుడి ముందు కూడా అనేది. అతను నవ్వి, బీడీ తీసుకొని బయటికి పోయేవాడు. బాపు పోయి ఇరవై ఏళ్లు దాటింది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నేను చెప్పలేదు, అతనూ చెప్పలేదు, మేమిద్దరం ఒకరితో ఒకరం కూడా ఆ మాట ఎత్తలేదు. పండక్కి కలిస్తే వానల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు మడికొండలో అక్క ఫ్లాటు కింద పిల్లలు బజార్లో కొన్న చిన్న యంత్రాలను గాలిలోకి లేపుతారు. అవి వాటంతట అవే నిలబడతాయి, బరువు ఎటు వాలితే అటు సర్దుకుంటాయి. ఎవరూ తూచరు, ఎవరినీ అడగరు. ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రతిదీ ఒక మనిషి చేతి మీద, ఇంకో మనిషి మాట మీద నిలబడేది. అది గొప్ప సంగతి అని చాలామంది రాస్తారు. మాట చెప్పాల్సినవాడు నోరు మూసుకుంటే అక్కడ ఇంకో రక్షణ ఉండదన్నది కూడా రాయాలి. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకపోవడాన్ని మేము మర్యాద అనుకున్నాం. ఆ మర్యాద మా బాపు చెయ్యి తీసుకుంది.

ఇక్కడిదాకా రాసి, పోయిన ఆదివారం మడికొండ పోయాను. అక్క కళ్లకు శుక్లాలు, చదవలేదు. నేనే చదివి వినిపించాను. గంజి దగ్గరికి వచ్చేసరికి ఆమె కూరగాయల కత్తి పక్కన పెట్టింది. మైదానం దాకా చదివి, దవాఖాన వరండా చదివి, ఆపాను. కింద పిల్లల గోల వినబడుతోంది.

"ఆయనకు ఎరుకేనా?" అన్నది.

"ఎరుకే అక్కా. తోక ఎత్తంగనే తెలిసింది."

"గంజి కాచింది నేను గదరా. దినాం పొద్దుగాల నేనే కాస్తి."

నేను కాగితాలు మడిచాను.

"గందుకేనా ఆయన నోరు మూసుకున్నది? బాపు కోసమా, నా కోసమా, నీ కోసమా?"

"తెల్వదక్కా. నేనెన్నడు అడగలే."

"నువ్వు అడగలే. ఆయన చెప్పలే," అన్నది అక్క. "నేనొక్కదాన్నే నోరు మూసుకోలే. నలభై ఏండ్లు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన అరచేతులను చూసుకుంది. తర్వాత, "ఇది అచ్చేస్తరా?" అని అడిగింది. వేస్తారన్నాను. "అయితే నా పేరు మార్చకు. బాపు పేరు మార్చకు. నీది గూడ. అందరియి ఉండాలె. నేను ఎంతమంది ముంగట అన్ననో, అంతమంది సదవాలె," అన్నది. నేను లేస్తుంటే కూచోమనలేదు. గుమ్మం దాకా రాలేదు.

ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. తోకకు గంజి పట్టించింది మా బాపు కనకయ్య. కాచింది మా అక్క సరోజన. వాళ్లకు తెలియదు. తూచింది, తెలిసి అబద్ధం చెప్పింది నేను, సత్యం. ఆ రోజు మామునూరులో మా బావ రాజేశం చేతిలో ఉన్న రేడియో చివరి క్షణం దాకా బాగానే పనిచేసింది.